ఆన్‌లైన్ ఆటల్లో మోసం: కాపలా ఎవరిది, తీర్పు ఎవరిది?

ఆన్‌లైన్ ఆటలు విస్తరించిన తొలినాళ్లలో కౌంటర్-స్ట్రైక్ సర్వర్లను నడిపిన ఔత్సాహికులే వాటికి కాపలాదారులు. మోసగాడని అనుమానం కలిగితే వారే వెలివేసేవారు. అయితే ఆ వెలి ఒక్క సర్వర్‌కే పరిమితం; ఆటగాడు మరొకచోట ఆడుకోగలిగేవాడు. 2002లో వాల్వ్ సంస్థ ప్రవేశపెట్టిన 'వ్యాక్' వ్యవస్థతో కాపలాతోపాటు తీర్పు కూడా సంస్థ చేతికి పోయింది. తొలుత 24 గంటలకే పరిమితమైన నిషేధం 2005 నాటికి శాశ్వతమైంది. శిక్ష పెరిగినంతగా నిందితుని వాదన వినే ఏర్పాటు పెరగలేదు.

దీని పర్యవసానం 2010లో బయటపడింది. మోడర్న్ వార్‌ఫేర్ 2 ఆడుతున్న సుమారు 12,000 మంది నిర్దోషులపై నిషేధం పడింది. పొరపాటును కనుగొన్నదీ, సరిదిద్దినదీ, క్షమాపణ చెప్పినదీ సంస్థే. పరిహారంగా మరొక ఆటను కానుక ఇచ్చింది! ఇన్ని వేలమంది కాక ఒక్కడే అయివుంటే ఆ పొరపాటు బయటపడేదా అన్నది సందేహమే.

2013లో అదే సంస్థ 'ఓవర్‌వాచ్' పేరుతో, నిందితుని పేరు దాచి, అతని ఆట రికార్డును అనుభవజ్ఞులైన ఆటగాళ్లకు చూపి తీర్పు కోరింది. మన పంచాయతీని తలపించే ఏర్పాటే గాని, ఇక్కడ నిందితుడు ఎదుట నిలిచి మాట్లాడలేడు. సర్వర్ సమాచారం సంస్థ వద్దే ఉన్నందున కాపలా దానికి తప్పదు. తీర్పు మాత్రం దానికే ఉండాలనడానికి ఈ చరిత్రలో ఆధారం కనిపించదు.