వెలివాడకు పక్కా కప్పు: ఇంటి వివక్ష మీద ప్రభుత్వాలు చేసిందేమిటి?

1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికని రైలు దిగిన అంబేడ్కర్‌కు మొదట ఎదురైన సమస్య ఉద్యోగం కాదు, తల దాచుకునే చోటు. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషికి ఆ ఊళ్ళో హిందూ హోటలు చోటివ్వదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని దిగారు. సర్కారు బంగళా ఒకటి ఇప్పించమని అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ ఒక అధికారి దగ్గర్నించి ఇంకో అధికారి దగ్గరికి తిరుగుతుండగానే, పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని పార్శీలు వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగితే, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు, ఇద్దరూ సాకులే చెప్పారు. తోటలో కూర్చుని రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే ఇదంతా రాసుకున్నారు.

ఈ ఉదంతాన్ని మనం సభల్లో కన్నీళ్ళు పెట్టుకోటానికే ఎక్కువ వాడుకుంటున్నాం. నాకు మాత్రం అందులో ఆ అర్జీ ముఖ్యంగా కనిపిస్తుంది. కర్రలు పట్టుకున్న వాళ్ళు ఒక్క రోజులో పని ముగించారు. ప్రభుత్వం కాగితం పదకొండు రోజులైనా కదల్లేదు. ఆ తర్వాత వందేళ్ళ చరిత్రలోనూ ఈ రెంటి వేగంలో తేడా పెద్దగా తగ్గలేదని చెప్పటానికే ఈ వ్యాసం.

రాజ్యాంగం దగ్గర్నించి మొదలెడదాం. 15(2) అధికరణలో దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, రోడ్లు ఉన్నాయి. అద్దె ఇల్లు అనే మాట లేదు. అయితే 1948 నవంబర్ 29న, అంటరానితనం రద్దు అధికరణ ఆమోదం పొందిన రోజే, ‘దుకాణం’ అంటే ఏంటని సభలో ప్రశ్న వచ్చింది. లోపలికి రానివ్వటం అనే చిన్న అర్థంలో ఆ మాట వాడలేదనీ, షరతులు ఒప్పుకుంటే సేవ అందించి తీరాలన్న విశాలార్థంలో వాడామనీ అంబేడ్కర్ జవాబిచ్చారు. ఆ జవాబు అరవై ఏళ్ళకు పైగా కాగితాల్లోనే పడుంది. 2011లో మన తెలుగు న్యాయమూర్తి సుదర్శన్ రెడ్డి ఉన్న సుప్రీంకోర్టు బెంచి ప్రైవేటు కాలేజీల కేసులో దాన్ని బయటికి తీసి, ప్రైవేటు విద్యాసంస్థా ఆ మాట కిందికి వస్తుందని చెప్పింది. మరి గేటుకి ‘టు లెట్’ బోర్డు కట్టి నెలకింత అని అద్దె చెప్పే ఇంటాయన ఎందుకు రాడు?

రాజ్యాంగంలో లేకపోయినా చట్టంలో ఉంది. ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలవదు. 1955 అంటరానితనం నేరాల చట్టం 4వ సెక్షన్‌లో, ఏ ప్రాంతంలోనైనా సరే నివాస గృహం కట్టుకోటానికి, సంపాదించుకోటానికి, అందులో ఉండటానికి అంటరానితనం కారణంగా అడ్డుపడితే నేరం అని రాసుంది. ఎలయపెరుమాళ్ కమిటీ 1969లో ఇచ్చిన నివేదిక తర్వాత ఈ చట్టాన్ని సవరించి, పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చి 1976 నవంబర్ 19 నుంచి అమలు చేశారు. దేశమంతా పౌరహక్కులు లేని ఎమర్జెన్సీ రోజుల్లో మనకి పౌరహక్కుల చట్టం వచ్చింది! శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదొందల జరిమానా. ఐదొందలంటే ఇవాళ హైదరాబాదులో గది చూపించిన బ్రోకరు కూడా తీసుకోడు.

ఇందులో 12వ సెక్షన్ ఇంకా ముఖ్యమైంది. బాధితుడు షెడ్యూల్డ్ కులస్తుడైతే, ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలి వాడు. ఇంత బలమైన సెక్షన్ చేతిలో ఉన్నా, ఇల్లు దొరక్క తిరిగిన నా స్నేహితుల్లో ఒక్కరూ స్టేషన్ మెట్లెక్కలేదు. నేనూ ఎక్కలేదు. పీహెచ్‌డీలో చేరిన కొత్తల్లో ఒక ఇంటామె గది చూపించి, అడ్వాన్సు మాట్లాడి, చివర్లో “మీరేమిట్లు బాబూ?” అనడిగింది. చెప్పాను. “అయ్యో, నిన్ననే మా చుట్టాలబ్బాయికి మాటిచ్చామండీ” అంది. బోర్డు మాత్రం ఇంకో రెండు నెలలు గేటుకి వేలాడుతూనే ఉంది. దీన్ని పట్టుకుని ఎస్సై దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పేది? సాక్షి ఎవరు? ఇప్పుడైతే కులం అడగటం కూడా తగ్గింది. ‘శాకాహారులకు మాత్రమే’ అని రాసేస్తే సరిపోతోంది. చట్టం కులం పేరెత్తే వాడి కోసం కాచుక్కూర్చుంది, వాడేమో వంటింటి పేరెత్తుతున్నాడు.

1989 అత్యాచారాల నిరోధక చట్టం ఈ ఖాళీని పూడ్చాల్సింది. ఎస్సీ ఎస్టీలను ఇంట్లోంచో ఊళ్ళోంచో వెళ్ళగొడితే అది శిక్షిస్తుంది. 2015 సవరణలో సాంఘిక బహిష్కరణ వంటివి ఎన్నో చేరాయి. ఉన్న ఇంట్లోంచి గెంటేసేవాడు ఆ చట్టానికి సూటిగానే కనిపిస్తాడు. అసలు ఇల్లే ఇవ్వనివాణ్ణి మాత్రం మళ్ళీ ఆ 1955 నాటి సెక్షన్‌లోనే వెతుక్కోవాలి.

కోర్టు సంగతి చూస్తే, 2005లో అహ్మదాబాద్ జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు సభ్యత్వం పార్శీలకే అన్న నిబంధన చెల్లుతుందని తీర్పిచ్చింది. సహకార సంఘం ప్రభుత్వం కాదు గనక 15వ అధికరణ దానికి వర్తించదట. సంఖ్య తగ్గిపోతున్న చిన్న సమాజం తమ ఉనికి కాపాడుకోవాలనుకోటాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ ఆ తీర్పు తర్క బలం మైనారిటీల దగ్గరే ఆగదు. ఏ అగ్రకుల సొసైటీ అయినా అదే తలుపు వెనక నించోవచ్చు. బరోడా సత్రం గుర్తున్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక ప్రభుత్వం తానే కట్టించిన ఇళ్ళు. ఇక్కడ లెక్క మారుతుంది. 1942 జులైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత షెడ్యూల్డ్ కులాల మహాసభ దళితులకు వేరే గ్రామాలు కావాలని తీర్మానించింది. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో అంబేడ్కర్ దానికోసం సెటిల్‌మెంట్ కమిషన్ ఉండాలని రాశారు. దాని అర్థం వాడని ఇంకాస్త దూరంగా నెట్టమని కాదు. భూమి ఉన్న ఊరు, ఎవరి పొలానికీ కూలికి పోకుండా బతకగల ఊరు అని. ప్రభుత్వాలు ఆ మాటలోని ‘వేరే’ని ఉంచుకుని ‘భూమి’ని వదిలేశాయి. 1975 ఇరవై సూత్రాల్లో ఇళ్ళ స్థలాలొచ్చాయి, 1985లో ఇందిరా ఆవాస్ వచ్చింది. మొదట్లో అది ఎస్సీ ఎస్టీలకూ, విముక్తి పొందిన వెట్టి కార్మికులకే. 1993-94 నుంచి ఇతర పేదలకూ విస్తరించింది. ఇళ్ళొచ్చిన మాట నిజం. గడ్డి కప్పు పోయి స్లాబు రావటం చిన్న సంగతి కాదు. వానాకాలం రాత్రుళ్ళు గిన్నెలు మార్చిమార్చి పెట్టిన మా నాయనమ్మకు దాని విలువ నాకంటే బాగా తెలుసు.

అయితే ఆ ఇల్లు ఎక్కడొచ్చింది? మా ఊళ్ళో చెరువు కింద పల్లంలో. ఊరికీ కాలనీకీ మధ్య రెండు పొలాలు. కాలనీకి ఒక నాయకుడి పేరు పెట్టారు గానీ, ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ ‘పల్లె’ అనే అంటారు. పూర్వం ఆచారంగా ఉన్న దూరం ఇప్పుడు సర్వే నంబరయ్యింది, లేఅవుట్ అయ్యింది. ఇదంతా ఎవరో కుట్ర చేసి చేసిందని నేననను. చవకగా దొరికే భూమి ఎక్కడుంటుంది, ఊరి మధ్య స్థలం అమ్మేదెవరు, అమ్మనిచ్చేదెవరు అని అడిగితే చాలు. వివక్ష అక్కడే ఉంది. ఆఫీసు దాన్ని కొలిచి, రాళ్ళు పాతి, పట్టా ఇచ్చింది.

కారంచేడు దీనికి ఎదురు నిలిచిన ఉదాహరణ. 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపాక బతికినవాళ్ళు చీరాల చేరి, తిరిగి ఆ ఊరికి పోం అన్నారు. దళిత మహాసభ ఆ పోరాటంలోంచే పుట్టింది. ప్రభుత్వం చివరికి చీరాలలోనే ఇళ్ళు కట్టించాల్సి వచ్చింది. కాలనీ ఎక్కడుండాలో బాధితులే తేల్చిన సందర్భం అది. అంతమంది చావాల్సి వచ్చింది దానికి.

పక్కనే తమిళనాడు ఇంకో దారి పట్టింది. కరుణానిధి ప్రభుత్వం 1997లో ప్రకటించిన పెరియార్ సమత్వపురాలు కావాలని కులాల్ని కలిపిన కాలనీలు. మొదటిది 1998లో మధురై జిల్లా మేలక్కోట్టైలో తెరిచారు. ఒక్కోదాంట్లో 100 ఇళ్ళు: దళితులకు 40, బీసీలకు 25, మరీ వెనకబడిన కులాలకు 25, ఇతరులకు 10. అందరికీ ఒకటే శ్మశానం. ప్రభుత్వం మారినప్పుడల్లా వాటి ఆలనాపాలనా తప్పింది, కొత్త ఊళ్ళు కట్టినంత మాత్రాన పాత ఊళ్ళు కలవలేదు. అయినా పక్కపక్క గోడలు కట్టటం ప్రభుత్వానికి చేతకాని పనేం కాదని అది చూపించింది. మన దగ్గర అలాంటి ఆలోచన ఫైలు దాకా కూడా వచ్చినట్టు కనబడదు.

అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఇళ్ళ అమ్మకంలో అద్దెలో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. మొదట్లో దానికి కోరల్లేవు, 1988లో గట్టి సవరణ చేశారు. నల్లవాళ్ళ వాడలు అంతటితో మాయం కాలేదు. అయితే మనం నేర్చుకోవాల్సిన పని ఒకటి అక్కడుంది. ఒకే ఉద్యోగం, ఒకే జీతం చెప్పే ఇద్దర్ని, ఒక నల్లవాణ్ణి, ఒక తెల్లవాణ్ణి, ఒకే ఇంటికి పంపించి జవాబులు రాసిపెట్టుకుంటారు. అలా వెళ్ళినవాళ్ళకు కేసు వేసే హక్కుందని వాళ్ళ సుప్రీంకోర్టు 1982లో ఒప్పుకుంది. ఈ పద్ధతిలోనే సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించింది. దళిత, ముస్లిం పేర్లతో అడిగినవాళ్ళకు తలుపులు మూసుకోవటం, తెరిచినా అద్దె షరతులు మారటం అందులో నమోదయ్యాయి.

యూనివర్సిటీ చుట్టూ ఉన్న బస్తీల్లో మన విద్యార్థులు ఈ పని రేపే మొదలెట్టొచ్చు. ఇద్దరు మనుషులు, ఒక నోటుబుక్కు, తేదీ, వేళ, బోర్డు మీద రాసినది, ఇంటాయన అడిగిన మొదటి ప్రశ్న. అలా ఇరవై ఇళ్ళు రాసుకుంటే, ‘సాక్షి ఎవరు?’ అన్న ఎస్సై ముందు 12వ సెక్షన్‌తో పాటు పెట్టటానికి ఒక కాగితం ఉంటుంది.