కొనేవాని పక్షాన ఎవరు?

మన సభ్యుల పిల్లలు పలువురు అమెరికాలో ఇళ్ళు కొంటున్నారు గనుక ఈ చరిత్ర మనకూ అవసరమే. అక్కడ చాలాకాలం, కొనేవారిని కారులో తిప్పి ఇళ్ళు చూపించే ఏజెంటు సైతం సాధారణంగా చట్టరీత్యా అమ్మేవాని మనిషే. "ఇంతవరకు పెట్టగలను" అని నమ్మి చెప్పిన మాటను అతడు అమ్మేవానికి చేరవేయవలసినవాడే! కొనేవారిలో అత్యధికులకు ఈ సంగతే తెలియదని 1983లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది నివేదిక బయటపెట్టింది. 1990లలో పలు రాష్ట్రాలు చట్టాలు సవరించగా కొనేవాని తరఫు ఏజెంట్లు పెరిగారు. కమీషను మాత్రం మామూలుగా అమ్మేవాని చేతిమీదుగానే ముట్టేది. 2023లో మిస్సోరీలో జ్యూరీ తీర్పు, మరుసటి ఏడు రియల్టర్ల సంఘం రాజీ. దాని ప్రకారం 2024 ఆగస్టు 17 నుండి, ఇల్లు చూపించక ముందే రుసుమెంతో రాసి సంతకాలు కావాలి. ఆ రుసుము బేరమాడదగినదేనని కూడా కాగితంలో ఉండాలి. ఈసారి ఫోనులో పిల్లలకు చెప్పండి.