కణమరణం: రకాలు, జీవసూచికలు

శరీరంలోని కణాలు గాయపడి నశించడమే కాక, తమలో ముందే ఉన్న ఏర్పాటు ప్రకారం తమంత తామే చనిపోతాయి కూడా. ఏ కణం ఏ తీరున మరణించిందో తెలిపే ప్రోటీన్లను, ఎంజైములను, డీఎన్ఏ ముక్కలను జీవసూచికలు అంటారు.

ఎదుగుతున్న ఉభయచర డింభకాల్లో కొన్ని కణాలు మాయమవుతున్నాయని కార్ల్ ఫోగ్ట్ 1842లోనే గమనించినా, ఆ తరువాత శతాబ్దానికి పైగా కణమరణమంటే నెక్రోసిస్ అనే భావించారు. రక్తం అందకపోవడం, విషం వంటి కారణాల వల్ల కణం ఉబ్బి, పొర చిరిగి, లోపలి పదార్థం బయటికి పొంగి చుట్టూ వాపు కలిగించడం దీని లక్షణం. 1960లలో ఎలుక కాలేయాన్ని పరిశీలించిన జాన్ కెర్‌కు ఉబ్బడానికి బదులు ముడుచుకుపోయి, చిన్న తునకలై, వాపు లేకుండానే పొరుగు కణాలకు ఆహారమవుతున్న కణాలు కనిపించాయి. ఆండ్రూ వైలీ, ఆలస్టేర్ కరీలతో కలిసి 1972లో ఆయన ఈ మరణానికి ఎపాప్టోసిస్ అని పేరు పెట్టారు. ఆకులు రాలడాన్ని సూచించే ఈ గ్రీకు మాటను అందించినవారు అబర్డీన్‌లోని గ్రీకు ఆచార్యుడు జేమ్స్ కార్మాక్. ఒక సూక్ష్మమైన నులిపురుగు ఎదుగుదలలో పుట్టే 1,090 కణాల్లో సరిగ్గా 131 చనిపోతాయన్న లెక్క, ఆ మరణాన్ని నడిపే జన్యువుల ఆవిష్కరణ ఇది యాదృచ్ఛికం కాదని రుజువు చేయగా, ఆ కృషికి 2002లో బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

ఆకారాన్ని చూసి గుర్తించే దశ నుంచి రసాయనిక గుర్తుల దశకు మార్గం వేసినది వైలీ 1980 నాటి పరిశోధన: ఎపాప్టోసిస్‌లో డీఎన్ఏ సమాన దూరాల్లో తెగి, జెల్‌పై నిచ్చెన మెట్లలా కనబడుతుంది. తెగిన కొనలకు రంగు పట్టించే టునెల్ పరీక్ష 1992లో వచ్చింది. అయితే నెక్రోసిస్‌లోనూ డీఎన్ఏ తెగుతుంది కనుక దీనినొక్కదాన్నే నమ్మడం పొరపాటు. అందువల్ల మరణాన్ని అమలు చేసే కాస్పేజ్ ఎంజైములు చైతన్యం పొందాయా, పొర లోపలివైపు ఉండవలసిన ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే కొవ్వు పదార్థం వెలుపలికి తిరిగిందా అన్నవి కూడా చూస్తారు.

కాలేయ పరీక్షలో సుపరిచితమైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలు సైతం దెబ్బతిన్న కణాల నుంచి రక్తంలోకి కారిన ఎంజైములే, కానీ అవి మరణించిన తీరును చెప్పలేవు. కెరటిన్-18 ఆ లోటును కొంత తీరుస్తుంది: కాస్పేజ్‌లు కోసిన ముక్క ఎపాప్టోసిస్‌ను, కోత పడని ప్రోటీన్ నెక్రోసిస్‌ను సూచిస్తాయి.

తరువాత గుర్తించిన రకాల్లో నెక్రాప్టోసిస్‌కు ఫాస్ఫేట్ చేరిన ఎంఎల్‌కేఎల్ ప్రోటీన్, పైరాప్టోసిస్‌కు తెగిన గ్యాస్‌డెర్మిన్ ఆనవాళ్లు. ఇనుము ఆధారంగా పొరలోని కొవ్వులు ఆక్సీకరణం చెందే ఫెర్రాప్టోసిస్‌కు 2012లో పేరు పెట్టినా, దానికి మాత్రమే చెందిన సూచిక ఇంకా స్థిరపడలేదు; ఇనుమును బంధించే మందు ఇచ్చినప్పుడు కణాలు బతుకుతాయా అన్న పరీక్షనే నేటికీ ముఖ్యమైన ఆధారాల్లో ఒకటిగా తీసుకుంటున్నారు.