టేబుల్ వరుసల వెంట

ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఏదైనా విప్పి చూడండి, లోపల ఉండేవి టేబుళ్లే. జీతాలు, మార్కులు, స్టాకు, బాకీలు. మొత్తం కూడాలన్నా, గడువు దాటిన వరుసకు ఎర్రరంగు వేయాలన్నా, టిక్కు పెట్టినవి తీసేయాలన్నా ప్రోగ్రామరు చేసే పని ఒకటే: పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటీ పట్టుకుంటూ పోవడం. వెబ్ పేజీల మీదే బతికిన నాలాంటివాళ్లకు ఈ పని మారుతూ వచ్చిన తీరే మా వృత్తి చరిత్ర. అందులో జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీకి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదన్న బాధతో ఇది రాస్తున్నాను.

జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశారు. హెచ్‌టీఎంఎల్ టేబుల్ ఎలా ఉండాలో చెప్పే పత్రాన్ని డేవ్ రాగెట్ రాయగా అది 1996 మేలో వెలువడింది. అయితే టేబుల్‌లోని వరుసల్ని స్క్రిప్ట్ నుంచి ఎలా అందుకోవాలో అన్ని బ్రౌజర్లకూ ఉమ్మడిగా చెప్పిన ప్రమాణం 1998 అక్టోబరులో గానీ రాలేదు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రకటించిన డామ్ మొదటి స్థాయి అది. టేబుల్‌కు ‘రోస్’, వరుసకు ‘సెల్స్’ అన్న జాబితాలు ఉంటాయని అందులో రాశారు. దాంతో సున్నా దగ్గర మొదలుపెట్టి, ‘ఐ’ అనే లెక్కింపు అంకెను ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయే ఫర్ లూప్ అందరికీ అలవాటైంది.

ఆ లూప్‌లో ఒక చిక్కు ఉండేది. ‘రోస్’ సజీవమైన జాబితా, టేబుల్ మారిన క్షణంలోనే అదీ మారుతుంది. మూడో వరుస తీసేశామనుకోండి. నాలుగోది జరిగి మూడో స్థానంలోకి వస్తుంది. ‘ఐ’ మాత్రం నాలుగో స్థానానికి వెళ్లిపోతుంది. జరిగి వచ్చిన వరుసను ఎవరూ చూడరు. పక్కపక్కనే ఉన్న రెండు వరుసలకు టిక్కు పెడితే ఒకటి పోయి ఒకటి మిగిలేది. అందుకే అప్పటి సీనియర్లు ‘తీసేసేటప్పుడు కింది నుంచి పైకి రండి’ అని చెప్పేవారు.

రెండో చిక్కు క్లిక్కులది. లూప్‌లో ప్రతి వరుసకూ ఒక క్లిక్ ఫంక్షన్ తగిలిస్తే, ఏ వరుస నొక్కినా లూప్ ముగిశాక ‘ఐ’లో మిగిలిన అంకే పలికేది. ‘వార్’తో ప్రకటించిన ‘ఐ’ ఒక్కటే కావడం, ఫంక్షన్లన్నీ దాన్నే పంచుకోవడం దీనికి కారణం. ఇక పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ టేబుల్‌కు ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ రాయనిచ్చేది కాదు. వరుసల్ని చుట్టి ఉంచే టీబాడీ లేకుండా నేరుగా టేబుల్‌కే వరుస తగిలిస్తే తెర మీద కనిపించేదే కాదు.

విరుగుడు మార్గాలు విడివిడిగా మొదలయ్యాయి. సీఎస్‌ఎస్ సెలెక్టర్ రాసి పేజీలోని భాగాల్ని పట్టుకునే ఫంక్షన్‌ను 2003లో సైమన్ విల్లిసన్ రాశారు. డీన్ ఎడ్వర్డ్స్ సీఎస్‌ఎస్‌క్వెరీ ఆ దారినే ఇంకా దూరం తీసుకెళ్లింది. 2005లో రూబీ ఆన్ రైల్స్ కోసం సామ్ స్టీఫెన్‌సన్ ప్రోటోటైప్ లైబ్రరీ తెచ్చారు. రూబీ భాషలోని ‘ఈచ్’ దాంతోపాటు జావాస్క్రిప్ట్‌లోకి వచ్చింది. ‘లెక్క నాకు వదిలెయ్, ఒక్కో అంశంతో ఏం చేయాలో అది చెప్పు’ అనడమే ఈచ్ పద్ధతి. 2006 జనవరిలో న్యూయార్క్ బార్‌క్యాంప్‌లో జాన్ రెసిగ్ జేక్వెరీని పరిచయం చేశారు. ఆగస్టులో 1.0 విడుదలైంది. సెలెక్టర్‌తో పట్టుకోవడం, ఈచ్‌తో నడవడం అందులో ఒకే వాక్యంలో కలిసిపోయాయి.

ఆ రోజుల్లో నేను అమీర్‌పేటలో కోర్సు చేసి, ఒక చిన్న కంపెనీలో చేరాను. అక్కడి మైత్రీవనం చుట్టుపక్కల అందరూ జావా, డాట్‌నెట్ అనేవారే తప్ప జావాస్క్రిప్ట్‌ను ఎవరూ పట్టించుకునేవారు కాదు. నాకు అప్పగించిన తొలి పేజీల్లో గుంటూరు మిర్చి కమీషన్ కొట్టు ఒకదానికి చేసిన అమ్మకాల పట్టిక ఉంది. రైతు పేరు, బస్తాలు, క్వింటాళ్లు, ధర, మొత్తం. కొట్టు గుమస్తాగారు ఫోన్ చేసి, ‘బాబూ, పై లాటు ధర దిద్దితే కింద మొత్తం దానంతటదే మారాలి. మళ్లీ కాలిక్యులేటర్ పట్టుకోవాలంటే ఈ కంప్యూటర్ ఎందుకు?’ అని అడిగారు.

జేక్వెరీలో ఆ పని ఇలా సాగేది. ముందు టీబాడీలోని వరుసల్ని మాత్రమే ఎంచుకోవాలి. శీర్షిక వరుస టీహెడ్‌లో ఉంది కాబట్టి లెక్కలోకి రాదు. తరువాత ఈచ్. మనం ఇచ్చిన ఫంక్షన్‌ను అది ఒక్కో వరుసకూ ఒక్కోసారి పిలుస్తుంది. ఆ క్షణంలో ‘దిస్’ అంటే ఆ వరుసే. దాన్ని డాలర్ గుర్తులో చుట్టి, లోపలి గడిని పట్టుకుని, అందులోని పాఠం తీసుకుని, ముందూ వెనకా ఖాళీలు కత్తిరించాలి. ఆపైన కామాలు తీసేయాలి. ఈ ఒక్కటీ మరిచిపోతే ‘12,500’ అన్న ధరను పార్స్‌ఫ్లోట్ కామా దగ్గర ఆగిపోయి 12గా చదువుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. రైతు పట్టీలో మాత్రం వేలు మాయమవుతాయి. అన్నీ సరిగ్గా చేస్తే కోడ్ పది వరుసలు దాటేది కాదు, అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా నడిచేది.

పాత చిక్కులన్నీ ఆ పది వరుసల్లో అడ్రస్ లేకుండా పోయాయి. జేక్వెరీ ఎంచుకున్న జాబితా సజీవమైనది కాదు, ఆ క్షణానికి తీసి పెట్టుకున్నది. నడుస్తూ వరుసలు తీసేసినా ఏదీ తప్పిపోదు. ప్రతి వరుసకూ ఫంక్షన్ కొత్తగా నడుస్తుంది కాబట్టి క్లిక్కులు కలగాపులగం కావు. కొత్త వరుస తగిలిస్తే టీబాడీ సంగతి అదే చూసుకుంటుంది. మధ్యలో ఆగాలంటే ‘రిటర్న్ ఫాల్స్’ చాలు. ప్రోటోటైప్‌లో ఆగడానికి ‘బ్రేక్’ అనే ప్రత్యేక వస్తువును ఎర్రర్‌లా విసరాల్సి వచ్చేది. అన్నిటికంటే ముఖ్యంగా, మా ధ్యాస అంకె మీద నుంచి వరుస మీదికి మళ్లింది. ‘ఐ ప్లస్ ఒకటా, ఐ మైనస్ ఒకటా’ అని తల పట్టుకోవడం పోయి, ‘ఈ లాటుకు ఏం చేయాలి’ అని ఆలోచించడం అలవాటైంది.

2008 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్, నోకియా జేక్వెరీని స్వీకరిస్తున్నట్టు ప్రకటించాక మేనేజర్ల సందేహాలూ తీరాయి. ఆ వెనకే భాష కూడా ఎదిగింది. 2009 డిసెంబరు నాటి భాషా ప్రమాణపు ఐదో ఎడిషన్‌లో అర్రేలకు ‘ఫర్‌ఈచ్’ వచ్చింది. సెలెక్టర్‌తో ఎంచే ‘క్వెరీ సెలెక్టర్ ఆల్’ బ్రౌజర్లలోనే చేరింది, అది ఇచ్చే జాబితా కూడా సజీవం కాదు. 2015లో ‘లెట్’, ‘ఫర్ ఆఫ్’ వచ్చి క్లిక్కుల చిక్కును భాషలోనే తీర్చాయి. గిట్‌హబ్ 2018లో తన పేజీల నుంచి జేక్వెరీని తీసేసింది. బూట్‌స్ట్రాప్ 2021లో వచ్చిన ఐదో వెర్షన్‌తో దాని మీద ఆధారపడటం మానేసింది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కే మద్దతు ఆగిపోయింది.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలు పాత కోడ్‌లో ఈచ్ కనబడగానే ‘ఇంకా జేక్వెరీనా సార్?’ అంటూ అక్కడికక్కడే ఫర్‌ఈచ్‌గా మార్చేస్తారు. మార్చమనే నేనూ చెబుతాను, చదివి మార్చమంటాను. ఈచ్ తన ఫంక్షన్‌కు మొదట అంకెను, తరువాత అంశాన్ని అందిస్తుంది. ఫర్‌ఈచ్ మొదట అంశాన్ని ఇస్తుంది. ఈచ్‌లో రిటర్న్ ఫాల్స్ అంటే ఆగిపోతుంది. ఫర్‌ఈచ్ దాన్ని పట్టించుకోదు, ఆఖరి వరుస దాకా వెళ్లే తీరుతుంది. మొదటి బాకీ వరుస దగ్గర ఆగాల్సిన లూప్ ఆఖరి బాకీని పట్టుకొస్తుంది, మళ్లీ ఎర్రర్ లేకుండానే. అలాంటి చోట ‘ఫర్ ఆఫ్’ రాసి ‘బ్రేక్’ పెట్టాలి.

పాత కోడ్‌లోని ప్రతి వింత వెనక, అది రాసిన రోజున ఎవరికో ఎదురైన ఇబ్బంది ఒకటి ఉంటుంది. దాన్ని కనుక్కున్నవాడే ఆ కోడ్‌ను భద్రంగా మార్చగలడు. అందుకే నా దగ్గర పని నేర్చుకునేవారికి ముందు ఫర్ లూప్‌తో వరుసలు తీయిస్తాను, తరువాత ఈచ్‌తో, ఆ తరువాతే ఫర్ ఆఫ్‌తో. ఈ మూడూ చేతులారా రాసినవాళ్లకు, జేక్వెరీ ఎందుకు పుట్టిందో, ఇప్పుడు దాని అవసరం ఎందుకు తగ్గిందో నేను విడిగా చెప్పాల్సిన పని ఉండదు.