కంప్యూటర్ల నుంచి క్లౌడ్ దాకా: యూరప్ స్వావలంబన యత్నాలు

విదేశీ టెక్నాలజీ మీద ఆధారపడ్డామన్న బెంగ యూరప్‌కి అరవై ఏళ్ల నాటిది. 1964లో ఫ్రాన్స్ కంప్యూటర్ సంస్థ బుల్‌లో అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ పాగా వేసింది. ఆ రోజుల్లోనే ఫ్రెంచి అణు కార్యక్రమానికి కావలసిన పెద్ద కంప్యూటర్ అమ్మకానికి అమెరికా ప్రభుత్వం అడ్డుపడింది. చేతిలో డబ్బున్నా సరుకు దొరకని పరిస్థితి అది. అధ్యక్షుడు ద గాల్ ప్రభుత్వం 1966లో కంప్యూటర్ల కోసం ఒక జాతీయ ప్రణాళిక ప్రకటించి, సీఐఐ అనే స్వదేశీ కంపెనీని నిలబెట్టింది. 1973లో ఆ కంపెనీ జర్మనీ సీమెన్స్‌తో, నెదర్లాండ్స్ ఫిలిప్స్‌తో కలిసి యూనిడేటా కూటమి కట్టింది. రెండేళ్లకే ఫ్రాన్స్ భాగస్వాములను వదిలేసి, సీఐఐని అమెరికా వాటా ఉన్న హనీవెల్ బుల్‌తో కలపాలని నిర్ణయించడంతో కూటమి కూలిపోయింది. ఇందులో ఇంజనీర్ల లోపం కన్నా, ఎవరి కంపెనీని వాళ్లు చూసుకున్న ప్రభుత్వాల లోపమే ఎక్కువ.

ప్రభుత్వాలు నిజంగా చేతులు కలిపినప్పుడు ఫలితం వేరుగా వచ్చింది. 1987లో కోపెన్‌హేగెన్‌లో 13 దేశాల టెలిఫోన్ సంస్థలు జీఎస్ఎం అనే ఒకే మొబైల్ ప్రమాణానికి కట్టుబడతామని సంతకాలు చేశాయి. ఖండమంతా ఒకే మార్కెట్ కావడంతో నోకియా, ఎరిక్సన్ ప్రపంచాన్ని ఏలాయి; తెలుగునాట చాలామంది పట్టుకున్న తొలి సెల్‌ఫోన్లు ఆ ప్రమాణం మీద నడిచినవే. తర్వాత పోటీ సాఫ్ట్‌వేర్‌కీ క్లౌడ్‌కీ మారింది, యూరప్ మళ్లీ పాత దారి పట్టింది. 2012లో ఫ్రాన్స్ ఒక్కటే ప్రభుత్వ పెట్టుబడితో రెండు పోటీ క్లౌడ్ కంపెనీలు పెట్టింది, రెండూ నిలవలేదు. లినక్స్‌కి మారిన మ్యూనిక్ నగరం 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది.

అమెరికా సేవలు బాగున్నాయి, చవక కూడా, స్వావలంబన పేరుతో ప్రజాధనం తగలెయ్యడమెందుకని కొందరి వాదన. డబ్బు వృథా అయిన మాట నిజమే. కానీ 2018 నాటి అమెరికా క్లౌడ్ చట్టం ప్రకారం, అమెరికా కంపెనీ దగ్గరున్న డేటా ఏ దేశపు సర్వర్‌లో ఉన్నా అమెరికా అధికారులు చట్టబద్ధంగా కోరవచ్చు. యూరప్ పౌరుల రికార్డుల మీద పరాయి చట్టం చెల్లే పరిస్థితిని చవకతనం సరిదిద్దలేదు. నిబంధనలు చాలవా అంటే, యూరోపియన్ యూనియన్ కోర్టు 2015లో, 2020లో అమెరికాతో కుదిరిన రెండు డేటా ఒప్పందాలను కొట్టేసినా డిజిటల్ అవసరాల్లో 80 శాతానికి పైగా బయటి నుంచే వస్తున్నాయని ఇటలీ మాజీ ప్రధాని ద్రాగీ 2024లో ఇచ్చిన నివేదిక తేల్చింది. అన్నీ సొంతంగా చేసుకోవడం అసాధ్యం, అక్కర్లేదు కూడా. అత్యాధునిక చిప్‌ల ముద్రణ యంత్రాలు నెదర్లాండ్స్ ఏఎస్ఎంఎల్ తప్ప ఎవరూ చెయ్యలేరు; వాటిలోనూ అమెరికా భాగాలున్నాయి. ఎదుటివాడికి తన అవసరం ఉండడమే యూరప్‌కి రక్షణ. ఆ బలం ప్రభుత్వాల ఉమ్మడి కొనుగోళ్లతో వస్తుంది. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టీన్ రాష్ట్రం 2024లో దాదాపు 30,000 కంప్యూటర్లను ఓపెన్ సోర్స్‌కి మార్చాలని నిర్ణయించింది. ఒక్క రాష్ట్రంతో సరిపోదు, యూనియన్‌లోని 27 దేశాలూ కలిసి కొనాలి.