ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజర్, ఏసీ: మన ఊరి నీరు, గాలి, కరెంటును బట్టి ఎలా చూసుకోవాలి

బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం... ఎక్కడున్నా మన ఇళ్లలో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజర్, ఏసీ దాదాపు అవే కంపెనీలవి. కానీ అవి పాడయ్యే తీరు మాత్రం ఊరికొక రకం. కోలారు వైపు బోరు నీళ్లలోని ఉప్పు గీజర్‌లో గారలా గట్టిపడుతుంది. యానాం, గోపాల్‌పూర్ లాంటి చోట్ల ఉప్పు గాలికి ఏసీ బయటి యూనిట్ తుప్పు పడుతుంది. షోలాపూర్, భివండీల్లో మగ్గాల దగ్గర ఎగిరే దూది పీచు ఫిల్టర్లను మూసేస్తుంది. కరెంటు వస్తూ పోతూ ఉండే ఊళ్లలో ఫ్రిజ్ కంప్రెసర్ దెబ్బతింటుంది.

అందుకే మన ఇంటి వస్తువుకు అసలు శత్రువు నీళ్లా, గాలా, కరెంటా అన్నది ముందు తెలుసుకోవాలి. ఆ తర్వాత మనం చేసుకోగలిగిన పని ఏది, మెకానిక్‌కు వదిలేయాల్సింది ఏది, కంపెనీని అడగాల్సింది ఏది అని విడదీసుకోవాలి. ఈ మూడూ కలగాపులగం అయినప్పుడే డబ్బు పోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది.

ముందు కరెంటు, ఎర్తింగ్

మన పెద్దలు రెండు మూడు తరాల కిందట కట్టుకున్న ఇళ్లలో చాలావాటికి వైరింగ్ పాతది. గోడలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. మూడో వైరు లోపల ఎక్కడా కలపకుండా వదిలేసిన ఇళ్లు ఎన్నో. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే, గీజర్ కింద కొళాయి తిప్పితే చేతికి జిల్లుమంటోందా? అది "కొంచెం కరెంటు కొడుతోంది" అని సర్దుకుపోయే సంగతి కాదు. వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం అన్నిటికంటే మంచి పని. కరెంటు ఎక్కడైనా లీకై మనిషి ఒంట్లోంచి పారబోతే అది క్షణంలో లైన్ తెంపేస్తుంది. ఎమ్‌సీబీ ఆ పని చేయదు. వైరు వేడెక్కి కాలిపోకుండా చూడటమే దాని పని. రెండూ ఉండాలి. నెలకోసారి ఆర్‌సీసీబీ మీది 'టెస్ట్' బటన్ నొక్కి చూడండి. అది వెంటనే పడిపోతేనే పనిచేస్తున్నట్టు.

గీజర్, ఏసీలకు 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగ్గ మందం వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద వాటిని నడపకూడదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్, ఏసీ స్విచ్‌లు ఆపేసి, తిరిగి వచ్చాక 5 నిమిషాలు ఆగి వేయండి. ఆగిన వెంటనే మళ్లీ తిరగడం కంప్రెసర్‌కు భారం. వోల్టేజి ఎక్కువ తక్కువలుగా ఉండే ఊళ్లలో స్టెబిలైజర్ తప్పదు.

ఫ్రిజ్

మనం చేసుకునే పనులు తేలికైనవి. వెనక జాలీలాంటి నల్లటి గొట్టాలు కనిపించే ఫ్రిజ్ అయితే ప్లగ్ తీసి, 3 నెలలకోసారి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. మగ్గం ఉన్న ఇంట్లో నెలకోసారి చేయాలి. కొత్త మోడళ్లలో ఆ గొట్టాలు పక్క గోడల లోపల ఉంటాయి. అందుకే పక్కలు వెచ్చగా తగులుతాయి, అది లోపం కాదు. గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య జానెడు కాకపోయినా బెత్తెడు సందు వదలండి.

తలుపు రబ్బరు బాగుందా లేదా అన్నది ఒక కాగితం ముక్కతో తేలిపోతుంది. కాగితాన్ని తలుపు మధ్య పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ చల్లదనం బయటికి పోతున్నట్టే. ముందు రబ్బరును సబ్బు నీళ్లతో తుడిచి చూడండి. అప్పటికీ పట్టకపోతే మార్పించండి. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు ఉంటే చాలు. వేడివేడి పులుసు గిన్నెను నేరుగా లోపల పెట్టకండి.

ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచును చాకుతోగానీ గరిటెతోగానీ గీకడం మన ఇళ్లలో తరచూ జరిగే తప్పు. ఆ పలుచటి రేకు వెనకే గ్యాస్ గొట్టం ఉంటుంది. ఒక్క గాటు పడితే గ్యాస్ అంతా పోతుంది. స్విచ్ ఆపి, తలుపు తెరిచి, మంచు తనంతట తాను కరిగేదాకా ఆగాలి. వెనక కింది భాగంలో నీళ్లు చేరే తొట్టెను వారానికోసారి పారబోయండి. డెంగీ దోమ గుడ్లు పెట్టే చోట్లలో అదొకటి.

ఇక "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అనే మాట. ఫ్రిజ్‌లోనూ ఏసీలోనూ గ్యాస్ మూసివున్న గొట్టాల్లో తిరుగుతుంది. అది వంటగ్యాస్‌లా వాడుకలో తరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు కనిపెట్టి, అతికి, ఆ తర్వాతే నింపాలి. ఇది తెలియక మేమూ ఒకప్పుడు ఒక్క ఎండాకాలంలో రెండుసార్లు గ్యాస్‌కు డబ్బు కట్టాం. మూడోసారి వచ్చిన మెకానిక్ అతుకు దగ్గర సబ్బు నురగ రాసి, బుడగలు చూపించాడు. మరో జాగ్రత్త: ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్-600ఏ గ్యాస్‌కు మంట అంటుకుంటుంది. ఫ్రిజ్ వెనక అంటించిన కాగితంలో ఏ గ్యాస్ అన్నది రాసి ఉంటుంది. అది చూడకుండా వంటింట్లో పొయ్యి పక్కనే అతుకులు వేయబోతే ఆపండి.

వాషింగ్ మెషిన్

నీళ్లు రావడం లేదంటే ముందు కొళాయి, తర్వాత పైపు మెషిన్‌కు కలిసే చోట ఉన్న చిన్న జాలీ చూడండి. ఇసుక, తుప్పు రేణువులు అక్కడే చిక్కుకుంటాయి. నీళ్లు బయటికి పోవడం లేదంటే, ముందు తలుపు మెషిన్లలో కింద మూలనున్న మూత తిప్పి ఫిల్టర్ తీయండి. చిల్లర నాణేలు, పిన్నీసులు, పసిపిల్లల సాక్స్ దొరుకుతాయి. ఈ రెండూ చూసుకోకుండా మెకానిక్‌ను పిలిస్తే రాకపోకల ఖర్చు ఊరికే పోతుంది.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో సబ్బు సరిగా నురగ రాదు. అది చూసి పౌడర్ ఇంకా వేస్తాం. అది డ్రమ్ము వెనక జిగటలా పేరుకుని, కంపు కొడుతుంది. దానికి మందు ఎక్కువ పౌడర్ కాదు. నెలకోసారి బట్టలు లేకుండా, గారను కరిగించే పౌడర్ వేసి వేడి నీళ్లతో ఒక విడత తిప్పాలి. ఉతకడం అయ్యాక తలుపు రబ్బరు మడతలు తుడిచి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి.

తిరిగేటప్పుడు మెషిన్ గంతులు వేస్తుంటే చాలావరకు కాళ్లు సమంగా లేకపోవడమే కారణం. కాళ్లను తిప్పి సరిచేయవచ్చు. ముందు తలుపు మెషిన్ కొన్నప్పుడు వెనక నుంచి తీసిన పొడవాటి బోల్టులను పారేయకండి. ఇల్లు మారేటప్పుడు డ్రమ్ము కదలకుండా అవే మళ్లీ బిగించాలి.

గీజర్

నాలుగింటిలోనూ ఎక్కువ ప్రమాదం దీనితోనే. స్నానానికి వెళ్లే ముందు స్విచ్ ఆపడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. నీళ్లు కాగేటప్పుడు లోపల గలగలమని చప్పుడు వస్తుంటే హీటర్ కడ్డీ మీద గార పట్టినట్టు. గార పట్టిన కడ్డీ నీళ్లను ఆలస్యంగా కాస్తుంది, కరెంటు ఎక్కువ తింటుంది, చివరికి పగులుతుంది. ఉప్పు నీళ్ల ఊళ్లలో ఏడాదికోసారి ట్యాంకు కడిగించి, లోపలి మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో చూడమనండి. తుప్పును తాను తిని ట్యాంకును కాపాడేది అదే. అది కరిగిపోయాక తుప్పు ట్యాంకును తింటుంది.

సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా కొట్టించకండి. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు బయటికి దారి అదొక్కటే.

గ్యాస్ గీజర్ల సంగతి వేరు. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తల తిరిగి పడిపోయేదాకా తెలియదు. బొంబాయి, పుణె, బెంగళూరు ఫ్లాట్లలో ఇలా పోయిన ప్రాణాల గురించి వార్తల్లో చదువుతూనే ఉన్నాం. గ్యాస్ గీజర్ గది బయటే ఉండాలి.

ఏసీ

వాడే రోజుల్లో 15 రోజులకోసారి లోపలి యూనిట్ ఫిల్టర్ తీసి మామూలు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. ఏసీ చల్లబరచడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే విరుగుడు. లోపలి నుంచి నీళ్లు కారుతుంటే నీరు పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. 24 డిగ్రీల మీద పెట్టి ఫ్యాన్ వేసుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బయటి యూనిట్‌ను అప్పుడప్పుడు ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగించండి. బయటి యూనిట్ మీద చేసే పని ఏదైనా మెకానిక్‌దే, అదీ మెయిన్ ఆపాకే.

వరద, తుఫాను తర్వాత

2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2015లో చెన్నై మునిగినప్పుడు, 2022లో గోదావరి యానాంలోకి వచ్చినప్పుడు మనవాళ్ల ఇళ్లలోనూ సామాన్లు నీళ్లలో నానాయి. నీళ్లు వచ్చే ముందే మెయిన్ ఆపండి. నీళ్లు తీశాక "పనిచేస్తోందేమో" అని స్విచ్ వేసి చూడటం పెద్ద తప్పు. బాగయ్యే వస్తువు కూడా అప్పుడే కాలిపోతుంది, మనిషికి షాక్ కొడుతుంది. ముందు ఫోటోలు తీసుకోండి, బీమా ఉంటే అవి పనికొస్తాయి. తర్వాత మెకానిక్ విప్పి, ఆరబెట్టి, పరీక్షించాకే ప్లగ్ పెట్టాలి.

మెకానిక్‌ను పిలిచేటప్పుడు

కంపెనీ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకకండి. దొంగ కస్టమర్ కేర్ నంబర్లు అక్కడే కాచుకుని ఉంటాయి. వస్తువు మీది స్టిక్కర్‌లోనో వారంటీ కార్డులోనో ఉన్న నంబరుకే చేయండి. ముందే డబ్బు పంపమన్నా, ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి.

మోడల్ నంబరు, కొన్న తేదీ, ఏం జరుగుతోంది, ఎప్పటినుంచి, తెర మీద కనిపించే ఎర్రర్ కోడ్ ఏమిటి అన్నవి రాసి పెట్టుకోండి. పని అయ్యాక మార్చిన పాత భాగాన్ని చూపించమనండి, చేసిన పని రాసిన కాగితం తీసుకోండి. కంప్రెసర్‌కు 10 ఏళ్ల వారంటీ అంటే ఫ్రిజ్ మొత్తానికి 10 ఏళ్లు అని కాదు. గ్యాస్, కూలి చాలా కంపెనీలు విడిగానే అడుగుతాయి. కొనేటప్పుడే ఆ షరతు చదవాలి.

కంపెనీ పట్టించుకోకపోతే

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులోనూ ఫిర్యాదు చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం మనం ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. పెళ్లికి హైదరాబాద్‌లో కొని షోలాపూర్‌కు తెచ్చుకున్న ఫ్రిజ్ గురించి షోలాపూర్‌లోనే అడగవచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు మాత్రం 2 ఏళ్లు. బిల్లు లేకపోతే ఇదంతా కష్టం. థర్మల్ కాగితం మీది అక్షరాలు ఏడాదికే చెరిగిపోతాయి కాబట్టి కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

చివరిగా ఒక చిన్న పని. మన ఇళ్లలో నాయనమ్మకు తెలుగు చదవడం వస్తుంది, మనవడికి కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో వస్తుంది. అందుకని మెయిన్ స్విచ్ పక్కన రెండు లిపుల్లోనూ రాసి ఒక కాగితం అంటించండి: ఏ స్విచ్ దేనిది, షాక్ కొడితే ఏది ఆపాలి, ఎలక్ట్రీషియన్ నంబరు ఏది. పెద్దవాళ్లు ఇంట్లో ఒంటరిగా ఉన్న పూట అదే అక్కరకొస్తుంది.