అంగుళాల నట్టు, మిల్లీమీటర్ల పానా



మొన్న మా ఇంటి నీటిమోటారు విప్పవలసి వచ్చింది. నట్టు పాతది, అరంగుళం వెడల్పు. నా చేతిలో ఉన్నది 13 మిల్లీమీటర్ల పానా. పట్టినట్టే పట్టి జారింది. వేలి కణుపులు గోడకు కొట్టుకొని చర్మం లేచింది. నట్టు మూలలు కొంత అరిగాయి. అరంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. తేడా 0.3 మాత్రమే! ఒక్క అక్షరం తేడాతో యతి చెడిన పద్యం గుర్తుకు వచ్చి, ఈ కొలతల చరిత్ర కొంత చదివాను.

పూర్వం ఏ కర్మాగారపు మరచుట్లు దానివే. ఒకరి బోల్టు మరొకరి నట్టులో దిగేది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరచుట్టు కోణం 55 డిగ్రీలనీ, ఏ లావు బోల్టుకు అంగుళానికెన్ని చుట్లుండాలో ఇంతనీ నిర్ణయించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు. ఇద్దరు లాక్షణికులు, రెండు వ్యాకరణాలు! పైగా విట్‌వర్త్ పానాపై ఉండే అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు కాడ వ్యాసం. తెలియనివాడు అక్కడే పొరబడతాడు.

మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. మా ఇంటికి చేరువలోని నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసినది అంతకు ముందే, 1955 డిసెంబరు 10న. కాలువలకు నీరు విడిచినది 1967లో. అంగుళాల కాలంలో మొదలై మెట్రిక్ కాలంలో నీరు పారించిన కట్టడమిది. నేటికీ సాగర్ నిండుమట్టాన్ని 590 అడుగులనే చెప్పుకుంటాము. అడుగు మనలను వదలలేదు. అంగుళం మా మోటారును వదలలేదు.

కొలత కుదిరినా పట్టు కుదరాలి. 1908లో కెనడాకు చెందిన పి.ఎల్. రాబర్ట్‌సన్ మరమేకు తలలో లోనికి సన్నబడే చతురస్రపు గుంట పెట్టాడు. మేకు పనిముట్టు మొననే అంటిపెట్టుకొని ఉంటుంది, ఒంటిచేత్తో బిగించవచ్చు. నట్టు సంగతి వేరు. పన్నెండు కోణాల సాకెట్టు బలమంతా మూలల దగ్గరే మోపుతుంది, మూలలు అరుగుతాయి. 1960లలో స్నాప్-ఆన్ సంస్థ సాకెట్టు లోపలి మూలలను సవరించి, ఒత్తిడి నట్టు మూలలపై కాక పలకలపై పడేట్టు చేసింది.

చివరకు మా వీధి మెకానిక్కు అటువంటి అరంగుళపు ఆరుపలకల సాకెట్టు తెచ్చి, నట్టుపై నిండుగా దించి, ఒక్క గుంజు గుంజాడు. నట్టు కదిలింది. అతడు నాకంటె బలవంతుడేమీ కాడు.

బండి ఇరుసు చివర చక్రం ఊడకుండా పెట్టేదానిని మనవాళ్ళు సీల అన్నారు. పానాకు, నట్టుకు మీ ప్రాంతాల్లో వాడుకలో ఉన్న తెలుగు మాటలుంటే వ్యాఖ్యలలో తెలుపగలరు.